చేయగలిగాను, చేయగలిగేదాన్ని: ఫారసీలో గతకాలపు సామర్థ్యం

సభకు నమస్కారం.

ఈ ప్రసంగం ఒకే ఒక్క క్రియ గురించి, అందులోనూ ఆ క్రియ గతకాలంలో ప్రవర్తించే తీరు గురించి. ఫారసీలో చేయగలగడం అనే అర్థాన్నిచ్చే ప్రధాన క్రియ 'తవానెస్తన్'. దీని గతకాల రూపాలతో రెండు వాక్యాలు చెబుతాను. మొదటిది 'దీరూజ్ తవానెస్తమ్ బియాయమ్'. రెండోది 'దీరూజ్ మీతవానెస్తమ్ బియాయమ్'. 'దీరూజ్' అంటే నిన్న. 'బియాయమ్' అన్నది రావడాన్ని తెలిపే క్రియారూపం. పైకి కనిపించే తేడా 'మీ' అనే ఒక్క అక్షరమే. అయినా మొదటి వాక్యం పలికిన మనిషి నిన్న వచ్చినట్టు. రెండో వాక్యం పలికిన మనిషి వచ్చినట్టో రానట్టో ఆ వాక్యం చెప్పదు, చాలా సందర్భాల్లో రాలేదనే సూచిస్తుంది.

నేను ఈ భాష నేర్చుకుంటున్న తొలి రోజుల్లో ఒకనాడు తరగతికి వెళ్ళలేదు. మరునాడు మా అధ్యాపకురాలితో, 'నిన్న రాగలిగేదాన్నే, కానీ ఇంట్లో పని చూసుకుంటూ ఉండిపోయాను' అని చెప్పాలనుకున్నాను. మనసులో ఆ మాట తెలుగులో స్పష్టంగానే ఉంది. అయితే నేను చదివిన వ్యాకరణ పుస్తకం ఆంగ్లంలో రాసినది కావడం వల్ల, నోటికి రాబోయే ముందు ఆ మాట ఆంగ్లంలోకి వెళ్ళి, 'కుడ్' అనే మాటగా మారి, అక్కడినుంచి ఫారసీలోకి 'తవానెస్తమ్ బియాయమ్' అని వచ్చింది. ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయి, 'అలాగా, వచ్చారా? నాకు కనిపించలేదే, ఎక్కడ కూర్చున్నారు?' అని అడిగారు. నేను ఆవిడతో చెప్పింది 'నిన్న రాగలిగాను' అని. ఆవిడ 'మీ' చేర్చి వాక్యాన్ని సరిదిద్దిన తరువాత, ఇంటికి వెళ్ళే దారిలో నాకు ఒక విషయం తట్టింది. నా తెలుగులో ఈ తేడా మొదటినుంచీ ఉంది. 'రాగలిగాను' వేరు, 'రాగలిగేదాన్ని' వేరు. ఈ రెండింటినీ నేను ఏనాడూ తికమక పడలేదు. ఆంగ్లం మీదుగా వెళ్ళడం వల్లనే ఆ తేడా దారిలో జారిపోయింది.

ఈ సభలో నేను చెప్పదలచుకున్నది అదే. తెలుగువారు ఫారసీ గతకాలాన్ని తెలుగులోనుంచే నేరుగా నేర్చుకోవచ్చు, నేర్చుకోవాలి కూడా. ఏ భాషల్లో ఈ భేదం క్రియారూపంలో కనిపించదో, ఆ భాషల ద్వారా నేర్చుకునేవారు ఏళ్ళ తరబడి తడబడే చోట మనకు పుట్టుకతో వచ్చిన ఆధారం ఒకటి ఉంది.

రూపనిర్మాణంతో మొదలుపెడదాం. ఫారసీ క్రియకు రెండు ధాతువులు ఉంటాయి, వర్తమానానికి ఒకటి, గతానికి ఒకటి. 'తవానెస్తన్'కు వర్తమాన ధాతువు 'తవాన్', గత ధాతువు 'తవానెస్త్'. క్రియ చివరి 'అన్' తీసేస్తే మిగిలేది గత ధాతువు అన్న సూత్రానికి ఫారసీలో మినహాయింపు లేదు. ఈ గత ధాతువులు మనకు కొత్తవి కావు. 'ఖరీదు' అనే మాటను రోజూ వాడుతున్నాం. అది కొనడం అనే అర్థమున్న 'ఖరీదన్' గత ధాతువు. 'రసీదు' అన్నది చేరడం అనే అర్థమున్న 'రసీదన్' గత ధాతువు. సొమ్ము చేరింది అని చెప్పే కాగితం కనుక దానికా పేరు. 'దరఖాస్తు'లో ఉన్న 'ఖాస్త్' కోరడం అనే క్రియకు గత ధాతువు. 'బందోబస్తు' ఇంకా చక్కని ఉదాహరణ. 'బస్తన్' అంటే కట్టడం, దాని వర్తమాన ధాతువు 'బంద్', గత ధాతువు 'బస్త్'. మధ్యలో 'మరియు' అనే అర్థమిచ్చే 'ఒ' చేరి రెండు ధాతువులూ ఒకే మాటలో పక్కపక్కన నిలిచాయి. గత ధాతువుకు 'ఎ' చేరిస్తే వచ్చే విశేషణ రూపమూ మనకు తెలుసు. నియమించడం అనే అర్థమున్న 'గొమాష్తన్' నుంచి వచ్చిన 'గొమాష్తె' మన దుకాణాల్లో 'గుమాస్తా' అయి కూర్చుంది. గోలకొండ కాలంనుంచి నైజాం దఫ్తరాల దాకా, 1884లో హైదరాబాదు రాజ్యంలో ఉర్దూ అధికార భాష అయ్యేవరకూ, పాలనా వ్యవహారాల్లో ఫారసీ పెద్ద స్థానంలో ఉండడం వల్ల ఈ ధాతువులు మన గ్రామాల నోటికి కూడా ఎక్కాయి. కాబట్టి 'తవానెస్త్' అనే ధాతువును ఖరీదు, రసీదు, దరఖాస్తు అనే మాటల వరుసలోనే పెట్టుకుని గుర్తుంచుకోండి.

ఈ ధాతువుకు పురుషప్రత్యయాలు చేరిస్తే సామాన్య భూతకాలం వస్తుంది. నేను 'తవానెస్తమ్', నువ్వు 'తవానెస్తీ', అతడు గానీ ఆమె గానీ 'తవానెస్త్', మేము 'తవానెస్తీమ్', మీరు 'తవానెస్తీద్', వారు 'తవానెస్తంద్'. ప్రథమపురుష ఏకవచనానికి ప్రత్యయం ఏదీ లేదు, ధాతువే రూపం. వీటన్నిటి ముందు 'మీ' చేరిస్తే రెండో వరుస వస్తుంది. వ్యతిరేకార్థానికి మొదటి వరుసలో 'న' చేరి 'నతవానెస్తమ్' అవుతుంది; రెండో వరుసలో 'న', 'మీ' కలిసి 'నెమీ' అయి 'నెమీతవానెస్తమ్' అవుతుంది. తెహ్రాన్ వీధుల్లో మాట్లాడే భాషలో మధ్యనున్న 'వా' కరిగిపోయి 'తూనెస్తమ్', 'మీతూనెస్తమ్' అని వినిపిస్తాయి. వేగంగా మాట్లాడేటప్పుడు ఈ రెండింటినీ వేరుచేసి వినడానికి ఊనిక మీద దృష్టి పెట్టండి. మొదటి రూపంలో ఊనిక ధాతువు చివరి అక్షరం 'నెస్' మీద పడుతుంది. రెండో రూపంలో 'మీ' మీదికి, వ్యతిరేక రూపంలో 'నె' మీదికి వెళ్ళిపోతుంది.

ఫారసీలో స్త్రీపుంసభేదం లేదని మీకు తెలుసు. కనుక నేను 'రాగలిగేదాన్ని' అన్నా, ఈ సభలో ఉన్న సోదరులు 'రాగలిగేవాణ్ని' అన్నా, అటువైపు ఉన్నది ఒక్క 'మీతవానెస్తమ్' మాత్రమే.

ఇక రెండో క్రియ సంగతి. తెలుగులో 'వెళ్ళగలిగాను' అన్నప్పుడు 'వెళ్ళ' అనే భాగానికి కాలమూ లేదు, పురుషా లేదు. కాలం, పురుష రెండూ 'గలిగాను' అనే భాగమే మోస్తుంది. ఫారసీలో రెండో క్రియకు కాలం ఉండదు గానీ పురుష ఉంటుంది. 'తవానెస్తమ్ బెరవమ్' అంటే నేను వెళ్ళగలిగాను. 'తవానెస్తీ బెరవీ' అంటే నువ్వు వెళ్ళగలిగావు. 'తవానెస్తంద్ బెరవంద్' అంటే వారు వెళ్ళగలిగారు. ఇక్కడ 'బె'తో మొదలయ్యే రూపం వర్తమాన ధాతువుమీద కట్టిన సంభావనార్థక రూపం, అంటే పని జరిగిందని చెప్పకుండా జరగవచ్చన్న భావం మాత్రమే ఇచ్చే రూపం. వాక్యం ఎంత వెనకటి కాలానికి చెందినదైనా ఈ రూపం మారదు. పదేళ్ళ కిందటి మాటైనా, నిన్నటి మాటైనా, 'బెరవమ్' 'బెరవమ్'గానే ఉంటుంది.

మన విద్యార్థులు ఇక్కడ రెండు రకాలుగా పొరబడడం చూశాను. కొందరు రెండు క్రియలనూ గతంలోకి మార్చి, 'బెరవమ్' బదులు వెళ్ళాను అనే అర్థమున్న 'రఫ్తమ్' పెట్టి, 'తవానెస్తమ్ రఫ్తమ్' అంటారు. అది వాక్యమే కాదు. మరికొందరు తెలుగు అలవాటు చొప్పున పురుషను ఒక్కచోటనే పెట్టి, రెండో క్రియను అందరికీ 'బెరవద్' అనే ఒకే రూపంలో వదిలేస్తారు. ఈ రెండో పొరపాటుకు మూలం తెలుగే అని ఒప్పుకోవాలి. దీనికి నేను చెప్పే ఉపాయం ఒకటే. సాధనలో ఏ వాక్యాన్నైనా ఆరు పురుషల్లోనూ పైకి చదవండి. ప్రత్యయాలు ప్రాసలా జంటగా వినిపిస్తాయి, చెవి పట్టుకున్న దాన్ని నాలుక వదలదు. నామంతో కలిసిన సంయుక్త క్రియల్లో 'బె' తరచు లోపిస్తుందని కూడా ఇక్కడే గమనించండి. 'తవానెస్త్ కార్ కొనద్' అంటే పని చేయగలిగాడు. ఇక్కడ 'బెకొనద్' అననవసరం లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 'మీ' ఉన్న రూపానికీ లేని రూపానికీ మధ్య తేడా ఏమిటి? 'మీ' లేని సామాన్య భూతకాలం ఒక సంఘటనను మొదలూ చివరా ఉన్న ముద్దగా, పూర్తయిన పనిగా చూపిస్తుంది. 'మీ' ఉన్న రూపం ఆ కాలంలో సాగుతూ ఉన్న స్థితిని లోపలినుంచి చూపిస్తుంది. సామర్థ్యం అనేది స్వభావరీత్యా ఒక స్థితి. దానికి మొదలు, చివర మామూలుగా కనిపించవు. అలాంటి స్థితిని పూర్తయిన సంఘటనగా చూపించాలంటే, ఆ సామర్థ్యం ఒక పనిగా బయటపడిన క్షణాన్ని పట్టుకోవడం తప్ప వేరే దారి లేదు. అందుకే 'తవానెస్తమ్' అన్న వెంటనే పని జరిగిపోయినట్టు లెక్క. 'బా జహ్మత్ తవానెస్తమ్ దర్ రా బాజ్ కొనమ్' అంటే కష్టపడి తలుపు తెరవగలిగాను, తలుపు తెరుచుకుంది. ఆ వాక్యం చివర 'కానీ తెరవలేదు' అని చేర్చి చూడండి. ఫారసీలో ఎంత వింతగా ఉంటుందో, తెలుగులో 'తెరవగలిగాను, కానీ తెరవలేదు' అన్నా అంతే వింతగా ఉంటుంది. అదే 'తెరవగలిగేదాన్ని, కానీ తెరవలేదు' అంటే ఏ ఇబ్బందీ లేదు. 'మీతవానెస్తమ్ దర్ రా బాజ్ కొనమ్, వలీ నకర్దమ్'. రెండు భాషలూ ఒకే చోట అడ్డుపడుతున్నాయి, ఒకే చోట దారి ఇస్తున్నాయి.

ఉర్దూ తెలిసినవారికి ఇది మరో మార్గంలో కూడా తెలుసు. 'మై జా సకీ' అంటే వెళ్ళగలిగాను, వెళ్ళాను. 'మై జా సక్తీ థీ' అంటే వెళ్ళగలిగేదాన్ని. 1999లో రాజేశ్ భట్ అనే భాషాశాస్త్రవేత్త హిందీ, గ్రీకు భాషల ఉదాహరణలతో ఈ విషయాన్ని వివరంగా చర్చించారు. ఆ తరువాత అనేక భాషల్లో ఈ పరిశీలన కొనసాగింది. ఆ చర్చల్లో తెలుగు ఉదాహరణలు నాకు అరుదుగా కనిపిస్తాయి. ఈ భేదాన్ని ఇంత స్పష్టంగా చూపించే 'గలిగాను', 'గలిగేవాణ్ని' అనే జంట మన దగ్గర ఉండగా వాటిని గురించి మనమే రాయవలసిన అవసరం ఉందని నా గట్టి అభిప్రాయం.

స్థితిని తెలిపే ఇతర క్రియలు కూడా ఫారసీలో ఇలాగే ప్రవర్తిస్తాయి. తెలియడం అనే అర్థమున్న 'దానెస్తన్' తీసుకోండి. 'మీదానెస్తమ్' అంటే నాకు తెలుసును, అప్పటికే తెలిసి ఉంది. 'దానెస్తమ్' అంటే తెలుసుకున్నాను, ఆ క్షణాన తెలిసింది. 'మీఖాస్తమ్' అంటే నాకు కోరిక ఉండేది. 'ఖాస్తమ్' అంటే ఒక క్షణాన పూనుకున్నాను. తవానెస్తన్ ఒంటరిది కాదు, ఈ కుటుంబంలోదే. ఇంకో చిన్న సంగతి కూడా ఇక్కడే చెబుతాను. ఫారసీలో జరుగుతున్న పనిని నొక్కి చెప్పడానికి 'దాష్తమ్' అనే సహాయక్రియను చేర్చి 'దాష్తమ్ మీరఫ్తమ్', అంటే 'వెళ్తూ ఉన్నాను' అంటారు. స్థితిని తెలిపేది కనుక తవానెస్తన్‌కు ఆ చేర్పు పనికిరాదు.

వ్యతిరేక వాక్యాలకు వస్తే భేదం మరింత సూక్ష్మం అవుతుంది, మరింత అందంగా కూడా ఉంటుంది. 'నతవానెస్తమ్ బెఖాబమ్' అంటే నిద్రపోలేకపోయాను. ఒక రాత్రి ప్రయత్నించాను, నిద్ర పట్టలేదు. 'నెమీతవానెస్తమ్ బెఖాబమ్' అంటే ఆ రోజుల్లో నిద్రపోలేకపోయేదాన్ని. లేదా, ఆ రాత్రి కథ చెబుతూ 'బయట వాన, లోపల దీపం, నాకేమో నిద్ర పట్టకుండా ఉంది' అన్న తీరులో ఆ స్థితిలోకే వినేవారిని తీసుకువెళ్ళడం. మొదటిది ఫలితం చెబుతుంది, రెండోది పరిస్థితిని వర్ణిస్తుంది. ఇరానీ కథకులు కథ నడుస్తున్నప్పుడు మొదటి రూపాన్నీ, కథ ఆగి చుట్టూ చూస్తున్నప్పుడు రెండో రూపాన్నీ వాడతారు. ఒక పేజీ తీసుకుని ఈ రెండు రూపాలకూ రెండు రంగుల గీతలు గీసి చూస్తే కథ ఎక్కడ కదిలిందో, ఎక్కడ నిలిచిందో కంటికే కనిపిస్తుంది. నేను ఏ తరగతికైనా ఇచ్చే మొదటి ఇంటిపని అదే.

ఇక్కడ తెలుగు మనకు ఒక చిక్కు కూడా తెచ్చిపెడుతుంది. 'ఆమె చేయలేదు' అనే వాక్యానికి రెండు అర్థాలున్నాయి. ఆమె చేయడం జరగలేదు అన్నది ఒకటి, ఆమెకు చేసే శక్తి లేదు అన్నది రెండోది. సందర్భమే దాన్ని తేల్చాలి. ఫారసీలో మొదటిది 'నకర్ద్', రెండోది 'నెమీతవానద్ బెకొనద్'. రెండూ పూర్తిగా వేరు. తెలుగు వాక్యం మనసులో ఉంచుకుని ఫారసీలో మాట్లాడేటప్పుడు, ఆ 'లేదు' ఏ 'లేదు' అని ముందు తేల్చుకోవాలి. గతంలోకి వస్తే తెలుగే దారి చూపిస్తుంది. 'చేయలేదు' అయితే 'నకర్ద్', 'చేయలేకపోయింది' అయితే 'నతవానెస్త్ బెకొనద్', 'చేయలేకపోయేది' అయితే 'నెమీతవానెస్త్ బెకొనద్'. మధ్యలో 'పో' చేరిన రూపాలను ఇలా పక్కన పెట్టుకుంటే పొరపాటు పడే అవకాశం తగ్గుతుంది.

జరగని పనుల గురించి మాట్లాడేటప్పుడు ఫారసీ, తెలుగు ఎంత దగ్గరగా నడుస్తాయో చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది. తెలుగులో 'వచ్చేదాన్ని' అనే రూపానికి రెండు పనులున్నాయి. 'రోజూ గుడికి వచ్చేదాన్ని' అన్నప్పుడు అది అలవాటు. 'చెప్పి ఉంటే వచ్చేదాన్ని' అన్నప్పుడు అది జరగని పని. ఫారసీలో 'మీఆమదమ్' అనే రూపానికీ సరిగ్గా అవే రెండు పనులు. 'హర్ రూజ్ మీఆమదమ్' అంటే రోజూ వచ్చేదాన్ని. 'అగర్ మీగొఫ్తీ, మీఆమదమ్' అంటే నువ్వు చెప్పి ఉంటే వచ్చేదాన్ని. గతంలో నిత్యం జరిగిన దానికీ, గతంలో అసలే జరగని దానికీ ఒకే రూపాన్ని వాడడం మొదట విడ్డూరంగా తోచినా, రెండు భాషలూ ఆ పనే చేస్తున్నాయి. దీన్ని గలగడానికి చేర్చండి. 'అగర్ మీతవానెస్తమ్, మీఆమదమ్' అంటే రాగలిగి ఉంటే వచ్చేదాన్ని. ఈ వాక్యం విన్న ఇరానీవారెవరూ మీరు వచ్చారేమోనని అనుకోరు. నేను మా అధ్యాపకురాలితో చెప్పవలసింది కూడా ఈ కోవకు చెందిన వాక్యమే.

దెప్పిపొడుపులు కూడా ఈ రూపంలోనే వస్తాయి. 'మీతవానెస్తీ బె మన్ బెగూయీ' అంటే 'నాతో ఒక్క మాట చెప్పగలిగేదానివి కదా', మన ఇళ్ళలో ఇంకా సహజంగా, 'నాతో ఒక్క మాట చెప్పి ఉండకూడదా'. 'మీతవానెస్తీ నగూయీ' అంటే చెప్పకుండా ఉండగలిగేదానివి. ఇక్కడ వ్యతిరేకం రెండో క్రియకు చేరిందని గమనించండి. వ్యతిరేకం మొదటి క్రియ మీద ఉంటే శక్తి లేకపోవడం, రెండో క్రియ మీద ఉంటే చేయకుండా ఉండే శక్తి. ఈ రెండింటినీ తారుమారు చేస్తే ఒకరిని నిందించబోయి క్షమించినట్టవుతుంది.

సమాప్త వర్తమానం గురించి కొంచెమే చెబుతాను. 'తా హాలా నతవానెస్తెఅమ్ ఈన్ కెతాబ్ రా తమామ్ కొనమ్' అంటే ఇంతవరకు ఈ పుస్తకం పూర్తి చేయలేకపోయాను. గతంలో మొదలైన ప్రయత్నం ఇప్పటికీ ముగియలేదన్న భావం ఇందులో ఉంది. 'తవానెస్తె బూదీమ్' అన్న రూపం ఇంకో గతసంఘటనకు ముందే చేయగలిగినదాన్ని చెబుతుంది; తెలుగులో దీనికి ప్రత్యేకమైన రూపం అక్కరలేకుండా 'అప్పటికే', 'రాకముందే' వంటి మాటలతో సరిపెట్టుకుంటాం.

అయితే ఇదే వరుసలో ఉన్న 'మీతవానెస్తె' అనే రూపం మీద కాసేపు ఆగాలి. 'మీ' చేరిన ఈ సమాప్త రూపాన్ని, మాట్లాడేవారు తాము కళ్ళారా చూడక, విని గానీ ఊహించి గానీ తెలుసుకున్న గతాన్ని చెప్పడానికి వాడతారు. 'మాదర్‌బొజొర్గమ్ మీతవానెస్తె బె సె జబాన్ హర్ఫ్ బెజనద్'. దీన్ని తెలుగులో ఒక్క అక్షరం చేర్చి ఖచ్చితంగా చెప్పవచ్చు. 'మా అమ్మమ్మ మూడు భాషల్లో మాట్లాడగలిగేదట'. ఆ చివరి 'ట' చేసే పనినే ఫారసీలో 'తె' చివరనున్న 'ఎ' చేస్తోంది. 'మీతవానెస్త్' అంటే మాట్లాడగలిగేది, నేను విన్నాను, నాకు తెలుసు. 'మీతవానెస్తె' అంటే మాట్లాడగలిగేదట. కుటుంబ చరిత్రలు, పాత పట్టణాల జ్ఞాపకాలు చదివేటప్పుడు ఈ తేడాను గమనించకపోతే, రచయిత తన కళ్ళతో చూసినదేదో, పెద్దల నోట విన్నదేదో మనం వేరుచేయలేం. తెలుగువారికి 'అట' ఉన్నప్పుడు ఈ పాఠానికి అరగంట చాలు.

గలగడాన్ని చెప్పడానికి తవానెస్తన్ ఒక్కటే మార్గం కాదు. నేర్చుకుని వచ్చిన విద్యను ఇరానీవారు 'బలద్ బూదన్'తో చెబుతారు. 'షెనా బలద్ బూదమ్' అంటే నాకు ఈత వచ్చేది. మన 'వచ్చు' అనే మాట స్థానం ఇదే. ఒక్క తేడా ఏమిటంటే తెలుగులో విద్య మన దగ్గరికి వస్తుంది కనుక 'నాకు' అంటాం. ఫారసీలో కర్త 'నేను' గానే ఉంటుంది. 'షెనా బలద్ బూదమ్, వలీ ఆన్ రూజ్ నతవానెస్తమ్ షెనా కొనమ్' అంటే ఈత వచ్చు గానీ ఆ రోజు ఈదలేకపోయాను. విద్య ఉండడం వేరు, ఆ క్షణాన సాధ్యపడడం వేరు అన్న విషయం ఈ వాక్యంలో తేటగా కనిపిస్తుంది.

ఎవరి శక్తి అని చెప్పకుండా వీలు గురించి మాత్రమే మాట్లాడాలంటే 'షొదన్' అనే క్రియ వస్తుంది, దాని పక్కన రెండో క్రియ గత ధాతువు రూపంలో, పురుష ఏదీ లేకుండా నిలుస్తుంది. 'రూజ్‌హాయె సాఫ్ అజ్ తెహ్రాన్ మీషొద్ దమావంద్ రా దీద్' అంటే ఆకాశం తేటగా ఉన్న రోజుల్లో తెహ్రాన్ నుంచి దమావంద్ పర్వతాన్ని చూడడానికి వీలుండేది. ఇక్కడి 'దీద్', ఇంతకుముందు మనం చెప్పుకున్న 'ఖరీదు', 'రసీదు' మాటల రూపమే. ఇదే క్రియ సామాన్య భూతకాలంలో వ్యతిరేకంగా వస్తే 'నషొద్'. దీనికి తెలుగు 'కుదరలేదు'. 'ఖాస్తమ్ బియాయమ్, నషొద్' అంటే రావాలనుకున్నాను, కుదరలేదు. ఎందుకు కుదరలేదో చెప్పనవసరం లేకుండా, ఎవరిమీదా నేరం మోపకుండా ముగించే మాట ఇది. 'నతవానెస్తమ్' అంటే లోపం నాది అని కొంత ఒప్పుకున్నట్టు. 'నషొద్' అంటే పరిస్థితులది. మర్యాదకు ఎంతో విలువనిచ్చే ఇరానీ సంభాషణలో ఏది ఎప్పుడు అనాలో తెలియడం వ్యాకరణంలో భాగమేనని నేను భావిస్తాను.

ఇక చేతి సంగతి. 'హర్ కారీ అజ్ దస్తమ్ బర్ మీఆమద్ కర్దమ్' అంటే, మాటకు మాటగా చూస్తే, నా చేతినుంచి ఏ పని పైకి వచ్చేదో ఆ పని చేశాను. తెలుగులో 'నా చేతనైనదంతా చేశాను'. ఫారసీ నుడికారంలోని 'దస్త్' అంటే చేయి. తెలుగువారి చెవికి 'చేతనైనంత' అనే మాటలోనూ చేయి వినిపిస్తుంది. ఈ నుడికారం పాతది. 1258లో ఫారసీ కవి సాదీ రచించిన గులిస్తాన్ అనే గ్రంథం ఆరంభంలోనే 'అజ్ దస్త్ ఒ జబానె కె బర్ ఆయద్' అని ఉంది. భగవంతునికి కృతజ్ఞత చెల్లించుకోవడం ఎవరి చేతివల్ల, ఎవరి నాలుకవల్ల అవుతుంది అని కవి అడుగుతున్నాడు. ఫారసీ నేర్చుకున్న భారతీయులు తరతరాలుగా చదివిన పాఠ్యగ్రంథమది.

ఆ కాలపు గ్రంథాలనూ, దక్కను దఫ్తరాల పత్రాలనూ చదవబోయేవారికి ఒక మాట. ప్రాచీన భాషలో తవానెస్తన్ పక్కన 'బెరవద్' వంటి సంభావనార్థక రూపంతో పాటు, పురుష లేని గత ధాతువు కూడా తరచు వస్తుంది. 'నతవానెస్త్ రఫ్త్' అంటే వెళ్ళలేకపోయాడు. నేటి తెహ్రాన్ విద్యార్థి ఇలా మాట్లాడడు గానీ, చదివితే అర్థం చేసుకుంటాడు. ఇందాక నేను 'తవానెస్తమ్ రఫ్తమ్' వాక్యం కాదన్నాను. 'నతవానెస్త్ రఫ్త్' చూసి ఆ మాట తప్పని అనుకోకండి. ఇక్కడి 'రఫ్త్' వెళ్ళాడు అనే సమాపక క్రియ కాదు, 'వెళ్ళ' అనే కురచ రూపం. 'యారెస్తన్' అనే మరో క్రియ కూడా పాత గద్యంలో కనిపిస్తుంది. 'నయారెస్త్ గొఫ్త్' అంటే చెప్ప సాహసించలేకపోయాడు. శక్తి, ధైర్యం రెండూ కలిసిన ఆ క్రియ నేటి వాడుకలో లేదు.

చివరగా, ఇరాన్ సరిహద్దు దాటి తూర్పుకు వెళ్తే ఈ నిర్మాణమే మారిపోతుంది. కాబూల్‌లో మాట్లాడే దరీలోనూ, తాజికిస్తాన్ భాషలోనూ ప్రధాన క్రియ తరచు ముందుగా, గుమాస్తా మాటలో మనం చూసిన విశేషణ రూపంలో వస్తుంది. గలగడం దాని వెనక నిలిచి, కాలాన్నీ పురుషనూ తానొక్కటే మోస్తుంది. తెహ్రాన్‌లో 'నతవానెస్తమ్ బెరవమ్' అనే చోట కాబూల్‌లో 'రఫ్తా నతవానిస్తమ్' అంటారు. 'రఫ్తా' తరువాత 'నతవానిస్తమ్'. 'వెళ్ళ' తరువాత 'లేకపోయాను'. మాటల వరుస మనదే, పురుష ఒక్కచోటనే ఉండడమూ మనదే. హైదరాబాదు విశ్వవిద్యాలయాలకు చదువుకోవడానికి వచ్చిన అఫ్గాన్ విద్యార్థులు మీకు తారసపడితే, వారితో మొదటి వాక్యం ఈ వరుసలో మాట్లాడి చూడండి. రెండో క్రియకు పురుష చేర్చడం మరచిపోయే మన విద్యార్థులకు ఆ వరుసలో ఆ పొరపాటు జరిగే అవకాశమే లేదు.

ఇక మీ ప్రశ్నలు వింటాను.